నేను చెప్పిన పార్కు

మే 2, శుక్రవారం

నీళ్ళ పార్కుకి వెళ్తారట. మధ్యాహ్నం కొట్టు మూసి భోజనానికి వచ్చినప్పుడు మా అబ్బాయి రవికాంత్ చెప్పాడు. పిల్లకి సెలవులిచ్చి పది రోజులైంది, ఎండకి బయటికి పంపలేం, పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని కూర్చుంటోంది, ఒక్కరోజు ఎక్కడికైనా తిప్పుకొద్దాం అని కోడలు సాయిపద్మ వారం నుంచి పోరుతోంది. ఇవాళ ఒప్పుకున్నాడు.

మనం ఎల్దుం అన్నాడు. ఆ మనంలో నేనున్నానో లేదో తెలియలేదు. పులుసు వడ్డిస్తూ అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మే 3, శనివారం

మూడు పార్కులున్నాయట. ఒకటి భువనేశ్వర్ పక్కన, చాలా పెద్దది. ఒకటి ఆంధ్రా వైపు, వైజాగ్ దగ్గర. ఒకటి ఇక్కడే, గోపాల్‌పూర్ రోడ్డులో కొత్తగా పెట్టింది, చిన్నది. రవికాంత్‌కి పెద్దది కావాలి. సాయిపద్మకి వైజాగ్ కావాలి, పనిలో పని అక్కడ షాపింగ్ చేసుకోవచ్చు. మనవరాలు చందనకి పాము ఆకారంలో స్లైడ్ ఉన్నది కావాలి. అది కొత్తదాన్లోనే ఉందట.

ముగ్గురూ సోఫాలో కూర్చుని ఒకే ఫోన్‌లోకి తలలు పెట్టారు. నేను వంటింటి గుమ్మంలో మామిడికాయలు కోస్తున్నాను. రివ్యూలు చదువుతున్నారు. ఒకడు నీళ్ళు మురికి అని రాశాడట. అదే పార్కుని, అదే రోజు, ఇంకొకడు స్వర్గం అని రాశాడట. నాకు మురికి అన్నవాడి మీదే నమ్మకం కలిగింది. వాడికి తర్వాత జ్వరమేమైనా వచ్చిందా, ఆ సంగతి రాశాడా అని అడిగాను. ఎవరూ వినలేదు.

మే 4, ఆదివారం

రాత్రంతా నిద్ర లేదు. ఒక పిల్లని గొట్టంలో పెట్టి పైనుంచి వదిలేస్తారు. మధ్యలో ఇరుక్కుంటే ఎవరికి తెలుస్తుంది?

పాలు తెచ్చే పైడన్నని అడిగాను. వాడిది ఇచ్ఛాపురం అవతల ఊరు, నాతో తెలుగు మాట్లాడతాడు. ఏటి మామ్మగారూ, నీళ్ళల్లో దిగడానికి టికెట్టేటి, మా ఊరొచ్చీండి, మా గేదెలు దిగే గుంటుంది, మీరూ దిగీండి, అవేటీ అనుకోవు అన్నాడు. నవ్వాను. నవ్వి రెండు రోజులైనట్టుంది.

కింది ఫ్లాటు మినతిని కూడా అడిగాను. ఆమె చెల్లెలి పిల్లలు భువనేశ్వర్‌ది చూశారట. వేవ్ పూల్ అని ఒకటుంటుందట, సైరన్ వేసి కెరటాలు పుట్టిస్తారట. గోపాల్‌పూర్‌లో సముద్రం ఉండగా సైరన్ వేసి కెరటాలు పుట్టించడమేమిటి? సముద్రానికి గేటు లేదు మౌసీ, అందుకే టికెట్టు పెట్టలేకపోయారు అంది మినతి. ఆమె మాటలు ఒడియాలోనే భలేగా ఉంటాయి, నాకు రాయడం కుదరదు.

మే 5, సోమవారం

ఏ పార్కో ఇంకా తేలలేదు. మాటల్లో నా పేరు రాలేదు.

మే 6, మంగళవారం

తేలింది. నేనే తేల్చాను. ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు.

ముగ్గురివీ మూడు ఓట్లు. ఎవరూ దిగిరావడం లేదు. అప్పుడు చందన, జేజెమా ఓటు అడుగుదాం అంది. స్నేహితులంతా వాళ్ళ నాయనమ్మల్ని అలాగే పిలుస్తారు, అందుకని ఇదీ నన్ను జేజెమా అంటుంది. అత్తయ్యకేం తెలుస్తుంది, పాపం, ఇబ్బంది పెట్టకండి అంది సాయిపద్మ. రవికాంత్ మాత్రం, సెప్పమ్మా, నీ ఓటు ఎటు, గెలిసినోళ్ళు నీకు ఐస్‌క్రీం కొంటారు అన్నాడు.

ఏది దగ్గరైతే అది అన్నాను. ఎందుకు అన్నాడు. పెద్దాసుపత్రికి దగ్గర అన్నాను.

వాడు మజ్జిగ తాగుతున్నాడు, పొలమారింది. మనం ఎల్తన్నది ఆడుకోడానికమ్మా, అడ్మిట్ అయిపోడానికి కాదు అన్నాడు. సాయిపద్మ కూడా నవ్వింది. చందన గెంతులేసింది, పాము స్లైడ్ దానికే వచ్చింది. ఆదివారం అని ఖాయం చేసేశారు. అయితే నువ్వూ రావాల, నువ్వు సెప్పిన పార్కు గదా అన్నాడు రవికాంత్.

నేనూ వెళ్తున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం మూడు

నేను చెప్పిన పార్కు. అక్కడ ఏదైనా అయితే నేను చెప్పినందుకే అయినట్టు.

మే 8, గురువారం

రూల్సు చదివి వినిపించమన్నాను. నైలాన్ బట్టలతోనే నీళ్ళలో దిగాలి. చీరతో దిగనివ్వరు. బయటి తిండి తేకూడదు. గాజులు, గొలుసులు తీసేయాలి. అక్కడ బట్టలు అద్దెకిస్తారు అత్తయ్యా, మీరూ వేసుకుని దిగండి అంది సాయిపద్మ. ఎవరో వేసుకుని విడిచిన పైజామా. ఆయన ఉండి ఉంటే పురుషోత్తంపూర్ బజారంతా చెప్పుకుని నవ్వేవారు. ఆయన పోయి, ఆ ఊరు విడిచి, ఈ అంకులి పేటలో ఫ్లాటుకి వచ్చి ఆరేళ్ళు. ఇక్కడ చెప్పుకుని నవ్వడానికి ఎవరున్నారు.

నేను ఒడ్డున బ్యాగుల దగ్గర కూర్చుంటానన్నాను. అలాగే అన్నారు.

మే 9, శుక్రవారం

సాయంత్రం చందనని డ్రాయింగ్ క్లాసుకి దింపాను. రెండు వీధులు దాటాలి. ఇంటినుంచి నా చెయ్యి పట్టుకుని అది నడిచే దారి అదొక్కటే. దారంతా దానికి జాగ్రత్తలు చెప్పాను. లోతుకి వెళ్ళకు, నోట్లోకి నీళ్ళు పోనివ్వకు, ఎవరైనా పిలిస్తే వెళ్ళిపోకు. హఁ హఁ అంటూ గెంతుతూ వచ్చింది. నేను తెలుగులో చెప్తాను, అది ఒడియాలో హఁ అంటుంది. సాయిపద్మ తెలుగువాళ్ళ పిల్లే గాని రూర్కెలాలో పెరిగింది, కూతురితో అంతా ఒడియానే. రవికాంత్ ఇంట్లో ఉండేదెంతసేపు. నేనొక్కదాన్నైనా తెలుగు మాట్లాడకపోతే పిల్లకి ఎలా వస్తుందని పట్టుబట్టి మాట్లాడుతున్నాను. నిజం చెప్పాలంటే ఇంకెవరితో మాట్లాడను?

మే 10, శనివారం

రేపే. పులిహోర వద్దన్నారు. చేశాను.

మే 11, ఆదివారం, ఉదయం ఐదు

స్నానం అయింది. దీపం పెట్టాను. ఇంకా ఎవరూ లేవలేదు. సందులో కుక్క అరుస్తోంది. శకునాలు చూడకూడదు.

మే 11, సాయంత్రం ఏడు

పిల్ల బాగానే ఉంది. ముందు అది రాయాలి. బాగానే ఉంది, పక్క గదిలో టీవీ చూస్తోంది.

పొద్దున్న అంతా బాగానే జరిగింది. గేటు దగ్గర బ్యాగులు వెతికారు గాని, పులిహోర డబ్బా నా చేతిసంచిలో చీర మడత కింద ఉంది, వాళ్ళకి దొరకలేదు. నాకు దొంగతనం చేసినట్టే అనిపించింది. చందన పాము గొట్టంలోంచి ఆరుసార్లు దిగింది. దిగినప్పుడల్లా నావైపు చెయ్యి ఊపింది. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒడ్డున గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ. పక్క కుర్చీలో తడి తువ్వాళ్ళు.

రెండు దాటాక రవికాంత్‌కీ సాయిపద్మకీ పెద్ద స్లైడ్ ఎక్కాలనిపించింది. పిల్లల్ని దాని మీదికి రానివ్వరు. ఇక్కడా ఒక వేవ్ పూల్ ఉంది, చందనని అందులో మోకాలి లోతులో ట్యూబ్ ఇచ్చి నిలబెట్టారు. ఇక్కడే ఉంటాది, పది నిమిషాలు సూస్తుండమ్మా అన్నాడు రవికాంత్. నాతో ఆ మాట అని ఎన్నేళ్ళైందో. కుర్చీ నీళ్ళ అంచుకి జరుపుకున్నాను.

సైరన్ వేశారు. పాటలు పెద్దగా పెట్టారు. పిల్లలంతా కేకలు పెడుతూ లోపలికి పరుగెత్తారు. చందన నడుము లోతుకి వెళ్ళింది. లేచి, చాలు చందూ, చాలు అన్నాను. వెనక్కి తిరిగి చూసింది. నవ్వింది. తలూపి ముందుకెళ్ళింది. చెయ్యి ఊపుతూ గట్టిగా అరిచాను. చాలు, చాలు, చాలు! అది ట్యూబ్‌లో పడుకుని కాళ్ళు కొట్టుకుంటూ ఇంకా వేగంగా వెళ్ళింది. నేను ఎంత గట్టిగా అరిస్తే అంత వేగంగా వెళ్ళింది.

కెరటం వచ్చింది. ట్యూబ్ తిరగబడింది. ట్యూబ్ కనిపించింది, పిల్ల కనిపించలేదు.

నీళ్ళలోకి దిగిపోయాను. పార్కు కుర్రాడెవడో రెక్క పట్టుకుని ఆపేశాడు. శాఢి చలిబ నాహిఁ మౌసీ, శాఢి చలిబ నాహిఁ అంటున్నాడు. చీర కుదరదట. వాడు ఇంకోవైపు చూస్తున్నాడు, వాడికి తెలియదు. ఈలోగా కాపలా మనిషి ఈల వేసి దూకాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదట, తర్వాత చెప్పారు. చందనని ఒడ్డున పడుకోబెట్టాడు. దగ్గింది, నీళ్ళు కక్కింది, ఏడ్చింది. ఏడుపు విన్నాక కింద కూర్చుండిపోయాను.

వాళ్ళిద్దరూ పరుగున వచ్చారు. ఏం కాలేదు, కొంచెం నీళ్ళు మింగింది, అంతే అన్నాడు కాపలా మనిషి. లోతుకి ఎందుకెళ్ళావే అని రవికాంత్ పిల్లని ఊపేశాడు. అది వెక్కుతూ, జేజెమా పరా కహిలా చాలు చాలు అంది. జేజెమాయే కదా చాలు చాలు అంది అని.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. సాయిపద్మకి ముందు అర్థమైంది. ఆమె మొహం చూశాక నాకు అర్థమైంది. ఒడియా పిల్లలకి చాలు అంటే మొదలుపెట్టు. చాల అంటే పద. ఫ్యాను వేయమన్నా చాలు చేయమంటారు. నేను ఒడ్డున నిలబడి చేతులూపుతూ పద, పద, పద అన్నాను.

ఒడియాలో సెప్పొచ్చు గదమ్మా, నీకు రాదా ఏటి అన్నాడు రవికాంత్. మెల్లగానే అన్నాడు.

రాకేం. పురుషోత్తంపూర్‌లో నలభై ఏళ్ళు కొట్లో కూర్చున్నాను. కూర, చేప, కట్టెలు, అన్నీ ఒడియాలోనే కొన్నాను. కానీ భయమేస్తే మాట వెతుక్కునే వీలుండదు. ఏది ఉంటే అది వచ్చేస్తుంది.

 పులిహోర డబ్బా ఇంటికొచ్చాక తీశాను. పాసిపోయింది.

మే 12, సోమవారం

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

మే 13, మంగళవారం

చాలు కాకుండా ఇంకేమనాల్సింది?

ఆగు అనుంటే? వీళ్ళకి ఆగ అంటే ముందు. ముందుకి వెళ్ళేది. రా అనుంటే? రహ అంటే ఉండు, అక్కడే ఉండు. ఆ పాటల హోరులో రా అయితేనేం, రహ అయితేనేం. రాత్రి నుంచి ఒక్కో మాటే తిప్పితిప్పి చూస్తున్నాను. తెలుగులో ఆ పిల్లని ఆపే మాట ఒక్కటీ నాకు దొరకలేదు.

మే 14, బుధవారం

ఐదింటికి చీర మార్చుకుని తయారయ్యాను. చందన చెప్పులేసుకుంది. సాయిపద్మ స్కూటీ తాళాలు తీసింది. ఇకనుంచి నేను దింపుతాను అత్తయ్యా, మీకెందుకు శ్రమ అంది. ఎండలో తిరక్కమ్మా అన్నాడు రవికాంత్ ఫోన్లో. సాయంత్రం ఐదింటికి ఎండ ఎక్కడుంది.

బాల్కనీలోంచి చూశాను. రెండు వీధులకి స్కూటీ. నిమిషం కూడా పట్టదు.

మే 17, శనివారం

సాయిపద్మ స్నానానికి వెళ్ళినప్పుడు చందన నా మంచం మీదికి వచ్చి కూర్చుంది. చాలు అంటే ఏమిటి జేజెమా అని అడిగింది. ఆపెయ్యి, ఇంక వద్దు, సరిపోయింది అని ఒడియాలో చెప్పాను. ఆలోచించింది. మరి అన్నం దగ్గర రోజూ నన్ను చాలా చాలా అని అడుగుతావు కదా అంది. అవును, సరిపోయిందా అని అడుగుతాను అన్నాను. ఇంకా పెట్టనా అని అడుగుతున్నావనుకున్నాను, అందుకే హఁ అనేదాన్ని, నువ్వేమో గరిట తీసికెళ్ళిపోయేదానివి అంది. చెప్పి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

అది వెళ్ళాక నవ్వు ఆగిపోయింది. ఆరేళ్ళు. ఆ పిల్ల అన్నం కావాలని హఁ అన్నప్పుడల్లా నేను గిన్నె మూతపెట్టేశాను. అందుకే సన్నగా ఉందేమో. డాక్టరు పోయినేడు బరువు తక్కువుందన్నాడు. సాయిపద్మతో చెప్పాలా? చెప్తే ఇది కూడా నా మీదికే వస్తుంది. రావాల్సిందే.

మే 18, ఆదివారం

చెప్పలేదు. ఇవాళ దానికి అడక్కుండా మూడుసార్లు వడ్డించాను. వదిలేసింది.

మే 20, మంగళవారం

రవికాంత్ కొట్టుకి వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర ఆపాను. ఇకనుంచి పిల్లతో ఒడియాలోనే మాట్లాడతాను, క్లాసుకి మళ్ళీ నేనే తీసికెళ్తాను అన్నాను. వాడు చెప్పులేసుకుంటూ, సూద్దుమమ్మా అన్నాడు. చిన్నప్పుడు వాడు జాతరకి తీసికెళ్ళమంటే ఆయన ఇలాగే చూద్దాం అనేవారు. తీసికెళ్ళేవారు కారు.

మే 21, బుధవారం

పొద్దుటి నుంచి చందనతో ఒడియానే. పాలు తాగమన్నాను, జడ వేస్తాను రమ్మన్నాను. కాసేపు విని, జేజెమా, నాతో బేరం ఆడుతున్నావా అని అడిగింది. కూరలమ్మే ఆమెతో మాట్లాడినట్టుందట.

నిజమే. ఒడియాలో నాకు బేరాలొచ్చు, తగువులొచ్చు, దారి అడగడం వచ్చు. గారం చేయడం రాదు. ఎవరినీ చేయలేదు. బంగారు కొండ అని ఎలా అంటారో మినతిని అడగాలనుకున్నాను, సిగ్గేసింది. మధ్యాహ్నానికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అది ఫోన్ తీసుకుంది.

మే 24, శనివారం

గోడ మీది బల్లి భుజం మీద పడింది. అమ్మో అన్నాను. పోయింది, మళ్ళీ తెలుగే. బొద్దింక ఎగిరితే మినతి బాపాలో అంటుంది. బాపాలో, బాపాలో అని పదిసార్లు అనుకున్నాను. కుక్కర్ కూతపెట్టింది, ఉలిక్కిపడ్డాను. అమ్మో.

మాట మార్చుకోవచ్చు. ఉలికిపాటు ఎలా మార్చుకోవాలి?

మే 27, మంగళవారం

సాయిపద్మ అక్క వాళ్ళు రూర్కెలా నుంచి వస్తున్నారట. అందరూ కలిసి భువనేశ్వర్ పార్కుకి వెళ్తారట, ఆదివారం. ఈసారి ఓట్లు లేవు. పిల్లకి నీళ్ళంటే భయం పట్టుకోకూడదు, తొందరగా మళ్ళీ దింపాలి అని అక్క చెప్పిందట. మంచి మాటే. నాకు తోచలేదు.

నేను ఒడియాలోనే పిలుస్తాను, నన్నూ తీసికెళ్ళు అన్నాను రవికాంత్‌తో. నాలుగు గంటల దారి అమ్మా, నీ మోకాళ్ళు సూసుకో అన్నాడు. చందన ఏదో అనబోయింది. నువ్వు తిను అంది సాయిపద్మ.

మే 30, శుక్రవారం

వెనక్కి రా అనడానికి ఫేరి ఆ. చిన్న మాట. నోటికి తేలిగ్గానే ఉంది. అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ అంటున్నాను. మెల్లగా అంటే బాగానే వస్తోంది. గట్టిగా అరిచి చూడాలంటే ఇంట్లో మనుషులున్నారు.

జూన్ 1, ఆదివారం, పగలు పదకొండు

వాళ్ళు ఆరింటికే వెళ్ళారు.

కిటికీలు వేసి హాల్లో నిలబడి అరిచాను. ఫేరి ఆ. సోఫా వైపు చెయ్యి ఊపి మళ్ళీ అరిచాను. నాలుగోసారికి గొంతు బాగా లేచింది.

తలుపు దబదబా బాదారు. మినతి. ఒక్క పరుగున మెట్లెక్కి వచ్చింది, చేతికి పిండి ఉంది. ఎవరిని పిలుస్తున్నావు మౌసీ, ఎవరు వెళ్ళిపోయారు అంది.

ఉలికిపాటు ఇంకా తగ్గలేదు. ఎవరూ లేరమ్మా, ఎవరూ లేరు అన్నాను.

ఆమె అర్థంకానట్టు నా మొహంలోకి చూసింది. తెలుగులో అన్నానని అప్పుడు తెలిసింది.